పాత కారుకి ఇంట్లోనే రిపేరా? ముందు మీ ఒళ్లు జాగ్రత్త!

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఫియట్ అని మనవాళ్లు పిలుచుకునే ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అయినా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో తాతగారి కారనో, నాన్నగారి గుర్తనో పట్టా కప్పి దాచుకున్న బండ్లు ఇంకా ఉన్నాయి. కార్బురేటరు విప్పి బిగించగల పాత మెకానిక్కులు తగ్గిపోయారు. దాంతో ఆదివారం పూట స్పానర్లు ముందేసుకుని తామే పనికి దిగేవాళ్లుంటారు. మంచిదే. ప్లగ్గులు శుభ్రం చేయడం, పాయింట్ల సందు సరిచూడటం, ఫ్యాన్ బెల్టు మార్చడం ఓపికున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇంజను సంగతి మెకానిక్కు చెబుతాడు. స్పానరు పట్టిన మనిషి సంగతి మనం చెప్పుకుందాం.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది పొగ గురించి. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలసింది. క్షయకి సరైన మందు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి ఇవే చికిత్స. గాలి కోసం రోగులు వెతుక్కుంటూ వచ్చిన ఆ ప్రాంతంలోనే, ధనుర్మాసపు చలికి షెడ్డు షట్టరు దించుకుని ఇంజను స్టార్టు చేస్తే ఎలా?

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కన్నా దీన్ని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకి, గుండెకి మాత్రం ప్రాణవాయువు అందదు. కొత్త కార్ల పొగగొట్టంలో ఈ వాయువును తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మన దేశంలో అది 1995లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లతో మొదలైంది. అంతకు ముందటి బండ్లకి అది లేదు. మూసిన షెడ్డులో అలాంటి ఇంజను కొద్ది నిమిషాలు తిరిగినా ప్రాణం మీదికి రావచ్చు.

మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం. మనవాళ్లు ఏమనుకుంటారు? "పరగడుపున పని చేశాను గదా, పైత్యం చేసినట్టుంది" అని ఓ లోటా మజ్జిగ తాగి మళ్లీ షెడ్డులోకే వెళతారు. మజ్జిగకి విరిగేది కాదిది! బయటి గాలిలోకి రాగానే తగ్గి, లోపలికి వెళ్లగానే మళ్లీ మొదలయ్యే తలనొప్పిని అనుమానించాలి. టార్చి పట్టుకున్న అబ్బాయికి కూడా అదే సమయంలో తల నొస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. షెడ్డు పక్క గదిలో గర్భిణి గాని, పసిబిడ్డ గాని ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ. షట్టరు సగం ఎత్తితే చాలదు. బండిని పూర్తిగా ఆరుబయటికి నెట్టి, పొగగొట్టం ఇంటి కిటికీల వైపు లేకుండా చూసి, అప్పుడు స్టార్టు చేయండి.

ఎవరైనా షెడ్డులో పడిపోతే తలుపులు బార్లా తెరిచి, మనిషిని బయటికి లాగి, 108కి ఫోను చేయండి. లోపలే నిలబడి నీళ్లు చల్లుతూ కూర్చుంటే మీరూ పడిపోతారు. దీనికి వైద్యం ఆక్సిజన్. ఇంకొక మాట. కోవిడ్ రోజుల్లో చాలామంది వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కొన్నారు. ఈ విషవాయువు విషయంలో అది మోసం చేస్తుంది. తొంభైఎనిమిది చూపిస్తోంది కదా అని ఇంట్లో ఉండిపోవద్దు.

రెండోది పెట్రోలు. ట్యాంకులో గొట్టం పెట్టి నోటితో పీల్చడం మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. గుక్కెడు కడుపులోకి పోవడం కన్నా నాలుగు చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోవడమే ఎక్కువ ప్రమాదం. పెట్రోలు పలచన, అందుకే సులువుగా జారి లోపల పొరలను పాడుచేస్తుంది, న్యుమోనియా తెస్తుంది. ఇక్కడే పెద్దవాళ్లు కుంకుడు రసమో, ఉప్పునీళ్లో పట్టించి కక్కించబోతారు. దయచేసి ఆ పని చేయకండి. కక్కేటప్పుడే పెట్రోలు మళ్లీ ఊపిరితిత్తుల దారి పడుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మించి, తడిసిన బట్టలు మార్చి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. దగ్గు, ఆయాసం, మగత ఉంటే ఒక్క నిమిషం ఆగవద్దు. మొదట తీసిన ఎక్స్‌రే బాగానే ఉండి, కొన్ని గంటల తర్వాత తేడా కనిపించడం కద్దు. అందుకే డాక్టరు ఉండమంటే ఉండాలి. పెట్రోలు తీయడానికి చేతిపంపు దొరుకుతుంది. ఖరీదు కూడా ఎక్కువేమీ కాదు.

తీసిన పెట్రోలును కూల్‌డ్రింకు సీసాలో పోసి అరుగు మీద పెట్టకండి. రేడియేటరులో కలిపే కూలెంటు మరీ మోసకారి. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లవాడు రంగు చూసి నోట పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

హార్స్‌లీ కొండ ఎక్కిన పాత బండికి నీళ్లు మరగడం తెలిసిందే. మూత కింద ఆ నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి. తువ్వాలు చుట్టి మూత తిప్పేశారో, ఆవిరితో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారేదాకా కదిలించవద్దు. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచాలి. సిరా, టూత్‌పేస్టు, పసుపు, మంచుగడ్డ ఇవేవీ వద్దు. బ్యాటరీ యాసిడ్ కంట్లో పడినా ముందు కుళాయే, తర్వాతే డాక్టరు. బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరం, మెడలో గొలుసు తీసేయండి. తిరిగే ఫ్యాన్ దగ్గర భుజం మీద తువ్వాలు కూడా ఉండకూడదు.

కుప్పం గ్రానైటుకు పేరున్న ఊరు. ఇంటి వెనక రెండు బండముక్కలు దొరకని వాళ్లుండరు. ఆ ముక్కలు పేర్చి వాటి మీద కారు నిలిపి కిందకి దూరడం ఎంతటి సాహసం! నున్నటి రాయి జారుతుంది. ఇటుకైతే పగులుతుంది. జాకీ బండిని ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డం వేసి, విప్పిన టైరును కూడా కారు కిందకే తోసి ఉంచండి. స్టాండ్లు లేకపోతే ఆ పని మెకానిక్కుకే వదిలేయండి.

ఇక మసి, నూనె. 2000కి ముందు మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మేవారు. ఆ కాలపు ఇంజనులో పేరుకున్న మసిలో సీసం ఉండవచ్చు. పాత హెడ్ గాస్కెట్లలో, బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. పొడిగా గీకి ఉఫ్‌మని ఊదవద్దు. తడిపి తుడిచి, ఆ గుడ్డ పారేయండి. వాడిన ఇంజనాయిలు ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మపు క్యాన్సరుకి దారితీయవచ్చు. ఇంగ్లండులో వెనకటి నూలు మిల్లుల్లో కదుళ్ల నూనె బట్టల్లోకి ఇంకిన కార్మికులకు వృషణాల తోలు మీద క్యాన్సర్లు వచ్చేవి. నూనె గుడ్డ ప్యాంటు జేబులో దోపుకునే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చేతుల జిడ్డు పెట్రోలుతో కడగవద్దు. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగితే పోతుంది. ఆ తర్వాతే కంచం ముందు కూర్చోండి. పనిబట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకనివ్వకండి. ఇంట్లో ఎవరూ లేని పూట కారు కిందకి దూరకండి. ఎవరో ఒకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి.