సుగ్గికొచ్చిన వాళ్లకు వడదెబ్బ తగలనివ్వొద్దు

ఈ ఏడాదికి కారం పట్టించేశారా? సన్నాలైనా, తేజ రకమైనా ఆ కాయలు కోసిన చేతులు మన జిల్లావే కానక్కర్లేదు. సంక్రాంతి దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుంచి... కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకు తరలివస్తాయి. పత్తి తీయడానికి కొందరు, మిర్చి కోతలకు ఎక్కువమంది. వాళ్ల మాటల్లో ఇది ‘సుగ్గికి పోవడం’. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. పేరులో పండగ ఉంది గానీ, వచ్చి ఉండేది చేల గట్ల మీద వేసుకున్న పట్టాల గుడారాల్లో.

సొంతూళ్లో వానను నమ్ముకోలేకే ఈ ప్రయాణం. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం కరవు మండలాలుగా ప్రకటించిన 103లో దాదాపు అన్నీ రాయలసీమవే. అదే ఏడాది డిసెంబరు 5న మిచాంగ్‌ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, ఇక్కడి పంటల్ని ముంచింది. అంటే అక్కడ వాన లేక, ఇక్కడ వాన ఎక్కువై రెండు చోట్లా దెబ్బే. అంతకు రెండేళ్ల ముందు నల్ల తామర పురుగు మిర్చిని పీల్చేసినప్పుడూ రైతుతోపాటు కోత కూలీ కూడా నష్టపోయాడు. ఇక ప్రకాశం పడమటి మెట్ట నుంచి హైదరాబాద్‌, బెంగళూరు వెళ్లేవాళ్ల కథ మీకు తెలిసిందే.

‘సీమవాళ్లకు ఎండ కొత్తా?’ అనిపించొచ్చు. అక్కడిది పొడి ఎండ. ఇక్కడ తీరానికి దగ్గరయ్యేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. కొత్త వేడికి శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కోతలు మార్చి, ఏప్రిల్‌ దాకా సాగితే అలవాటైన ఒంటికీ కష్టమే.

‘నీళ్లు బాగా తాగండమ్మా’ అని చెప్పి వచ్చేస్తే చాలదు. వాళ్లెందుకు తాగరో చూడాలి. కోతకు చాలాచోట్ల కిలోల లెక్కన కూలి ఇస్తారు. నీళ్ల కోసం గట్టుకు వెళ్లి వచ్చే సమయమంతా కూలిలో కోతే. ఆడవాళ్ల ఇబ్బంది ఇంకోటి. మరుగు లేని చేలో మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని దాహమైనా ఓర్చుకుంటారు. దాంతో మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు. ఒంట్లో నీరు తగ్గిపోతూ ఎండలో కష్టపడితే కిడ్నీల మీద భారం పడుతుంది. నెల తప్పినవాళ్లకు ఇది మరీ ప్రమాదం. కాబట్టి మీకు పొలం ఉంటే, కౌలుకిచ్చినా సరే, నీళ్ల క్యాన్‌ను సాళ్ల దగ్గరికే పంపించండి. నాలుగు కర్రలు పాతి చీరలు కట్టి మరుగు ఏర్పాటు చేయించండి. పెద్ద ఖర్చేం కాదు. పొద్దున్నే పని మొదలుపెట్టి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీడన ఉండనివ్వమని మేస్త్రికి చెప్పండి.

మరో సంగతి. పురుగుమందు డబ్బాల్ని ఎంత కడిగినా వాటిలో తాగునీళ్లు పట్టకూడదు. మందు కొట్టిన చేలోకి, డబ్బా మీద రాసిన గడువు పూర్తికాకుండా కోతకు దింపకూడదు. పని చేస్తూ ఎవరైనా వాంతులు చేసుకుని, నోట్లో నురగ, ఒళ్లంతా చెమటలు, కండరాల అదురు కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని ఊరుకోకుండా, బట్టలు మార్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, ఆ మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిరప మంటకు ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. కారం గుణం నీళ్లకు వదలదు. కళ్లలో పడితే మాత్రం నూనె వద్దు, మంచినీళ్లతో చాలాసేపు కడగాలి.

మనిషి తడబడుతూ మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్‌ చేసి, బండి వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేని వాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్‌ ఈ వేడిని దించదు. కళ్లు తిరుగుతున్నా తెలివిగా మాట్లాడే వాళ్లకు లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్‌ కలిపి కొద్దికొద్దిగా తాగించండి.

వీళ్ల వలస రాష్ట్రం దాటదు. అందుకే 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వీళ్ల జోలికే రాలేదు. అయినా కొన్ని సేవలు మనిషితోపాటు కదులుతాయి. రేషన్‌ బియ్యం ఇక్కడే తీసుకోవచ్చు. పసిపిల్లల టీకాలు ఏ ఊళ్లోనైనా ఉచితం. టీబీ మందులు వాడుతున్నవాళ్లు సగంలో ఆపక్కర్లేదు, నిక్షయ్‌ నంబరు చెబితే దగ్గరి పీహెచ్‌సీలో కొనసాగిస్తారు. చిక్కల్లా గుడారాలు ఊరికి దూరంగా ఉండటం, ఆశా కార్యకర్తకు వాళ్లొచ్చిన సంగతే తెలియకపోవడం. మీ చేను పక్కన గుడారాలు పడిన రోజే ఆమెకు ఒక్క ఫోన్‌ చేయండి. ఎంతమంది గర్భిణులు, ఎంతమంది అయిదేళ్లలోపు పిల్లలు ఉన్నారో చెప్పండి. కోతలైపోయి తిరుగుముఖం పట్టేముందు, ఇక్కడ వేసిన టీకాలన్నీ తల్లీబిడ్డల కార్డులో రాయించమని ఆ తల్లులకు గుర్తుచేయండి. సొంతూళ్లో ఏఎన్‌ఎం అడిగేది ఆ కార్డునే.