కాస్త జరగండమ్మా!

బస్సులోగానీ, పెళ్ళిపందిట్లోగానీ "కాస్త జరగండమ్మా" అన్న మాట వినని ఆడవాళ్ళుండరు. మా చర్చిలో ఆ మాట ప్రతి ఆదివారం వినిపిస్తుంది. అయిదుగురు కూర్చునే బెంచీలో ఆరో మనిషికి చోటు దొరికేది ఆ మాటతోనే. ఇకమీదట దాని అవసరం ఉండదేమో! పాత టేకు బెంచీలన్నీ తీసేసి, మెత్తటి సీట్లున్న కొత్త కుర్చీలు వేయించాలని మా సంఘం పెద్దలు ఆలోచిస్తున్నారు.

ఇదీ ఒక సమస్యేనా అనుకోకండి. మన ఇంట్లో మంచం ఎక్కడ వేయాలో మనల్ని అడక్కుండా ఎవరో తేల్చేస్తే ఊరుకుంటామా? మా చర్చిలో వారం వారం ఎక్కువగా కనిపించేది ఆడవాళ్ళే. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, ముసలి అత్తగార్లని పక్కన కూర్చోబెట్టుకుని రెండేసి గంటలు గడిపేదీ వాళ్ళే. కమిటీలో మాత్రం ఇద్దరు తప్ప అందరూ మగవాళ్ళు.

బెంచీలు చర్చితోపాటే పుట్టాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి శతాబ్దాల్లో ఆరాధనకు వచ్చినవాళ్ళు నిలబడేవారు, లేకపోతే మోకరించేవారు. ఆర్థొడాక్స్ చర్చిలు చాలావాటిలో ఇప్పటికీ నిలబడే ప్రార్థన చేస్తారు. ఇంగ్లండులో పదిహేనో శతాబ్దం నాటికి చెక్క బెంచీలు చాలాచోట్ల వచ్చేశాయి. తర్వాత మత సంస్కరణ వచ్చి ప్రసంగానికి ప్రాధాన్యం పెరిగింది. గంటలకొద్దీ వినాలంటే కూర్చోక తప్పదు కదా!

బెంచీ వచ్చాక దాని వెనకే హోదా కూడా వచ్చింది. డబ్బున్న కుటుంబాలు బెంచీల చుట్టూ చెక్కగోడలు కట్టించుకుని, వాటికి తలుపులు పెట్టించుకున్నాయి. చాలా చర్చిల్లో బెంచీకి ఏటేటా అద్దె వసూలు చేసేవారు. అద్దె కట్టలేని బీదవాళ్ళు ఎక్కడో వెనకాల సర్దుకోవలసిందే. 1818లో చర్చిలు కట్టడానికి సాయం చేసే సంఘం ఒకటి అక్కడ ఏర్పడి, డబ్బిచ్చేముందు బీదవాళ్ళకు ఉచితంగా ఇన్ని సీట్లుండాలని షరతు పెట్టింది. కొన్ని చర్చిల్లో బాలింతల కోసం కూడా విడిగా ఒక బెంచీ ఉండేది. పురిటి తర్వాత దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చిన తల్లి అందులో కూర్చునేది.

కుర్చీ కూడా నిన్న మొన్నటిదేం కాదు. ఫ్రాన్సు చర్చిల్లో గడ్డి అల్లిన తేలికపాటి కుర్చీలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒకప్పుడు వాటికీ అద్దె ఉండేది. ఆ చిల్లర వసూలు చేసే పని ఒక ఆడమనిషిది. అంచేత బెంచీ అయితే భక్తి, కుర్చీ అయితే ఫ్యాషన్ అనుకోవడానికి వీల్లేదు.

మన ఊళ్ళ సంగతి వేరు. పల్లెల్లోని చిన్న చర్చిల్లో చెప్పులు బయట విడిచి చాపలమీదో జంబుఖానా మీదో కూర్చునేవారు, ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. ఇప్పటికీ చాలాచోట్ల అంతే. పట్నాల్లోని పాత చర్చిల్లో మాత్రం బెంచీలు వెలిశాయి. ఈమధ్య మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం వెనకవరసలో ప్లాస్టిక్ కుర్చీలు చేరాయి. 

మా చర్చి బెంచీలకు ఇంకో కథ ఉంది. మా అమ్మమ్మ తరంలో స్త్రీల సమాజం వాళ్ళు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేసేవారు. నెలాఖరున అవన్నీ పోగుచేసి అమ్మేవారు. ఆ డబ్బుతోనే ఆడవాళ్ళ వైపు బెంచీలు ఒక్కొక్కటే చేయించారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందే తినే రోజులవి. ఆ పిడికెడూ ఎవరి కంచంలోంచి తగ్గిందో వేరే చెప్పాలా? ఆ బెంచీలమీద ఎవరి పేరూ చెక్కలేదు. పేరు లేదు కాబట్టి అడిగే దిక్కు లేదనుకున్నారేమో, వాటిని వడ్రంగికి టోకున ఇచ్చేసే ఆలోచన కూడా జరుగుతోంది.

అలాగని బెంచీలు కదపకూడదని నేననను. స్త్రీల సమాజంలో అందర్నీ కదిపి చూశాను. డెబ్భై దాటిన ఒకావిడ, "బెంచీలోంచి లేవాలంటే పట్టుకోవడానికేం లేదే తల్లీ. చేతులున్న కుర్చీ అయితే నా అంతట నేనే లేస్తాను" అంది. చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయికి బెంచీల మధ్య చోటే లేదు. నడిచే దారిలో ఆగితే వచ్చేపోయేవాళ్ళు తగులుతూ ఉంటారు. ఇద్దరు పిల్లల తల్లి మాత్రం, "కుర్చీలు వద్దక్కా, ప్రసంగం మొదలవగానే చిన్నదాన్ని బెంచీమీద పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకుంటాను. కుర్చీలో ఎలా పడుకోబెట్టను?" అంది. ముగ్గురి మాటా నిజమే. అందరికీ ఒకే రకం సీటు అనేసరికే చిక్కు వస్తోంది.

ఇంగ్లండులోని బాత్ అనే ఊళ్ళో పేరుమోసిన పెద్ద చర్చి ఉంది. పేరు బాత్ ఆబీ. దాని నేల కింద వేలాది సమాధులున్నాయి. కాలక్రమంలో నేల కుంగడం మొదలైంది. నేల బాగుచేయడంతోపాటు పందొమ్మిదో శతాబ్దంలో జార్జి గిల్బర్ట్ స్కాట్ చేయించిన బెంచీలు తీసేసి, అవసరాన్నిబట్టి జరుపుకునే కుర్చీలు వేసుకుంటామని చర్చివాళ్ళు అడిగారు. పాత కట్టడాల కోసం పనిచేసే విక్టోరియన్ సొసైటీ అడ్డు చెప్పింది. చివరికి 2017లో చర్చి కోర్టు బెంచీలు తీయడానికి అనుమతినిచ్చింది. ఎవరు గెలిచారన్నది అలా ఉంచండి. ఇంగ్లండు చర్చి కింద ఉన్న చర్చిల్లో ఇలాంటి మార్పు చేయాలంటే ముందుగా నోటీసు పెట్టి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే అనుమతి ఇస్తారు. మనకలాంటి కోర్టు లేకపోవచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక పావుగంట ఆగి అందర్నీ అడగడానికి కోర్టెందుకు?

కుర్చీలే వేయాలనుకుంటే కూడా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మెత్తటి గుడ్డ సీటు చూడ్డానికి బావుంటుంది గానీ మన చెమటకీ దుమ్ముకీ, పిల్లల పాలసీసాలకీ ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇంగ్లండు చర్చి భవనాల మండలి కూడా గుడ్డ తొడుగుల్లేని మంచి చెక్క కుర్చీలే మేలని సలహా ఇస్తోంది. ప్రతి వరస చివరా చేతులున్న కుర్చీ ఉంటే ముసలివాళ్ళకు పట్టు దొరుకుతుంది. కీర్తనల పుస్తకం పెట్టుకునే చోటు, మోకరించడానికి ముందు కాస్త జాగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కుర్చీలు ఎత్తి పేర్చి మళ్ళీ వేసే పని ఎవరిదో ముందే తేల్చాలి. చీపురూ గుడ్డా ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే, ఆ పనీ చివరికి ఎవరిమీద పడుతుందో ఊహించవచ్చు.

మేమంతా కూర్చుని ఒక కాగితం రాశాం. చెదలు పట్టని బెంచీలు సగం ఉంచండి, పిల్లల తల్లులకు పనికొస్తాయి. రెండు బెంచీలను పొట్టిగా కోయించి చక్రాల కుర్చీకి చోటివ్వండి. మిగతా చోట చేతులున్న చెక్క కుర్చీలు వేయండి. తీసేసిన టేకును అమ్మకుండా ఆదివారపు బడి పిల్లలకు బల్లలు చేయించండి. బియ్యం డబ్బుతో చేయించినవని ఒక చిన్న పలక మీద రాసి గోడకు పెట్టండి. ఇవీ మేం అడిగినవి.

కాగితం కమిటీకి ఇచ్చాం. ఒకరిద్దరు నవ్వారు. "కుర్చీల విషయం మీకెందుకమ్మా" అన్నారొకరు. పాస్టరుగారు మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే మీటింగుకి మీలో నలుగురు రండి అన్నారు. డెబ్భై దాటిన ఆవిడా, చక్రాల కుర్చీ అమ్మాయీ, పిల్లల తల్లీ, నేనూ వెళ్తున్నాం. మీ ఊళ్ళో అది చర్చే కానక్కర్లేదు. బడైనా, కల్యాణమండపమైనా, కాలనీ హాలైనా సరే, సీట్లు మారుస్తున్నారని తెలిస్తే డబ్బు కట్టకముందే వెళ్ళి అడగండి.