జైలు గోడ దాటిన దావాలు

జైలుకెళ్లినవాడికి ఇంకా హక్కులేమిటన్నది బాగా పాతుకుపోయిన అపోహ. విశాఖపట్నం సెంట్రల్ జైల్లోని నక్సలైట్ ఖైదీలు అలా అనుకోలేదు. గోడల మీద కరెంటు తీగ బిగించారని, జైలు చుట్టూ సాయుధ పోలీసులను దించారని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1974లో ఓడిపోయారు. పారిపోయే హక్కు ఎవరికీ లేదు, తీగ వల్ల ముప్పు గోడెక్కేవాడికే అంది కోర్టు. అయితే శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని చెప్పింది కూడా జస్టిస్ వై.వి. చంద్రచూడ్ రాసిన ఆ తీర్పే.

సర్కారు మీద నష్టపరిహారం దావా నిలవదన్నది ఇంకో అపోహ. దీనికి జవాబు అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉంది. ఏడో నంబరు గదిలో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి రిమాండులో ఉన్నారు. ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నారు. 1977 మే 6 తెల్లవారుజామున, మూడున్నర ప్రాంతంలో, దుండగులు జైల్లోకి చొరబడి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయారు. కొడుకు గాయాలతో బతికారు.

కాపలాలో నిర్లక్ష్యమే కారణమంటూ కుటుంబం పది లక్షలకు దావా వేసింది. గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది. జైలు నడపడం సార్వభౌమాధికారమని, కాబట్టి పైసా ఇవ్వక్కర్లేదని ప్రభుత్వం వాదించింది. దొరల కాలం నాటి వాదన అది! హైకోర్టు ఒప్పుకోలేదు, రూ.1,44,000, దాని మీద వడ్డీ ఇమ్మంది. 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేస్తూ, ఖైదీ అయినా మనిషి మనిషేనంది. అడిగినదాంట్లో దాదాపు ఏడో వంతే, అదీ 23 ఏళ్లకు. దావా వేస్తే చాలు, డబ్బు చేతికొస్తుందనుకోవడమూ అపోహే మరి.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే?

తీహార్ ఖైదీ సునీల్ బాత్రా తోటి ఖైదీని వార్డరు హింసించిన సంగతి న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, సుప్రీంకోర్టు దాన్నే పిటిషనుగా విచారించి 1979లో తీర్పిచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం, 12వ సెక్షను కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం ఇస్తోంది. ఉదాహరణకు ఆదిభట్లలో ఎవరింటి మనిషైనా జైల్లో ఉంటే ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటే, కస్టడీలో ఉన్నవారికి ఆ పరిమితి వర్తించదని చెప్పండి.