గడ్డి మైదానంలో పాల సంఘం, కాలువ వెంట క్యాంపు

అమెరికా పడమటి సీమ అనగానే మన సభ్యులలో చాలామందికి గుర్రం, తుపాకి, వెడల్పాటి టోపీ గుర్తుకు వస్తాయి. ఆ బొమ్మను మన పల్లెలకు తెచ్చినది తెలుగు సినిమాయే. పద్మాలయా వారు 1971లో కృష్ణ కథానాయకుడుగా తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' చూడనివారు ఆ తరంలో తక్కువ. ఆ సంస్థ స్టూడియో తరువాత హైదరాబాదులో జూబిలీహిల్స్ రాళ్ళగుట్టల మీద వెలిసింది. నేడు మధురానగర్ నుంచి ఫిలింనగర్ దాకా సినిమా పని మీద బతుకుతున్నవారిలోనూ కోస్తా నుంచో, మద్రాసు నుంచో వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

అయితే ఆ కౌబాయ్ చిత్రాలలో కనిపించని మనిషి ఒకడున్నాడు. పాలక్యాను మోసుకువచ్చే వలస రైతు. అతని గురించి, అతనివంటి మన తెలుగు రైతు గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాము.

1862లో అమెరికా ప్రభుత్వం హోమ్‌స్టెడ్ చట్టం చేసింది. స్వల్ప రుసుము చెల్లించి, అయిదేళ్ళు అక్కడే కాపురముండి సేద్యం చేసినవారికి 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమి దక్కేది. ఆ దేశ పౌరులం కాగోరుతున్నామని ప్రకటించిన విదేశీయులూ అర్హులే. జర్మనీ, నార్వే, స్వీడన్, డెన్మార్కుల నుంచి పేద రైతులు ఓడలెక్కారు. మరి ఆ భూమి అంతకుముందు ఎవరిది? మిన్నెసోటా రాష్ట్రం సంగతే చూడండి. 1862లో జరిగిన యుద్ధం తరువాత, మరుసటి ఏడే డకోటా తెగవారిని అక్కడి నుంచి వెళ్ళగొట్టారు. పంచిపెట్టినది అటువంటి నేల. ఈ మాట దాచి మిగతా కథ చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం.

వచ్చినవారు వట్టిచేతులతో రాలేదు. 1874లో రష్యా నుంచి కాన్సాస్ చేరిన జర్మన్ భాషీయులైన మెన్నోనైట్ రైతులు 'టర్కీ రెడ్' అనే శీతకాలపు గోధుమను వెంట తెచ్చుకున్నారు. మన పాడివారికి ఇంకా దగ్గరి సంగతి మిన్నెసోటాలోని క్లార్క్స్ గ్రోవ్ అనే చిన్న ఊరిది. డెన్మార్కులో 1882లో ఒక పల్లె రైతులు తొలి సహకార పాలకేంద్రం పెట్టుకున్నారు. క్లార్క్స్ గ్రోవ్‌లో స్థిరపడిన డెన్మార్కువారు 1890లో ఆ పద్ధతినే తమ ఊళ్ళో నాటారు. అందరి పాలూ ఒకచోట పోయడం, వెన్న తీసి అమ్మడం, ఎవరు పోసిన పాలను బట్టి వారికి డబ్బు ముట్టడం. మన సంఘాలకు కొత్తగా చెప్పనక్కరలేదు.

సరిగా ఆ 1890లోనే విస్కాన్సిన్‌లో బాబ్‌కాక్ అనే శాస్త్రజ్ఞుడు పాలలో వెన్నశాతం కొలిచే తేలికైన పరీక్షను లోకానికి చెప్పాడు. మన సంఘాలలో వాడుకలోకి వచ్చిన గెర్బర్ పరీక్షకు అది అన్నవరస. అంతవరకు చిక్కటి పాలు పోసినవానికీ నీళ్ళు కలిపినవానికీ ఒకే ధర పడేది. కొలత వచ్చాక వాదులాట తగ్గింది. 1921లో మిన్నెసోటా సహకార పాలకేంద్రాలు కలిసి సమాఖ్యగా ఏర్పడ్డాయి. నేడు 'ల్యాండ్ ఓ లేక్స్' పేరుతో వెన్న అమ్ముతున్న సంస్థకు మూలం అదే.

ఇక మనవారి సంగతి. తెలుగు రైతుల వలస కాలువల వెంట సాగింది. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కిందకు కోస్తా జిల్లాల రైతులు ముందు వచ్చారు. ఆ తరువాత ఇంకా పెద్ద వలస తుంగభద్ర ఎడమ కాలువ కిందకు. 1945లో ఆరంభించిన ఆనకట్ట నుంచి 1953లో నీరు వదిలారు. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. 1956లో మైసూరులో కలిసింది. డెల్టాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుంటే అక్కడ అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాలలో వారు కట్టుకున్న ఊళ్ళను నేటికీ 'క్యాంపులు' అంటారు. క్యాంపులో రామాలయం, సంక్రాంతికి ముగ్గులు, పట్నంలో తెలుగు సినిమా, పిల్లలకు బడిలో కన్నడం. గంగావతి సోనా మసూరి బియ్యం పేరు తెలియని బజారు లేదు.

అసలు చిక్కు ఆ వరిలోనే ఉంది. ఎక్కువమంది పొలాలకు కొద్దికొద్దిగా నీరందించాలని, జొన్న, వేరుసెనగ, పత్తివంటి ఆరుతడి పైర్లకోసమే ఆ కాలువలో అధికభాగం రూపొందించారు. డెల్టా రైతుకు తెలిసినది వరి. నేల చదును చేయడానికి పెట్టుబడి, ఓపిక రెండూ అతని దగ్గర ఉన్నాయి. స్థానిక రైతులలో ఆ పెట్టుబడి లేనివారు భూములు అమ్ముకున్నారు, కొందరు కౌలుకిచ్చారు. చూసి వరి నేర్చినవారూ ఉన్నారు. ఎగువన వరి పెరిగిన కొద్దీ మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకు నీరు చేరడం కష్టమైంది. ఎగువనేమో నీరు నిలిచి కొన్ని పొలాలు చవుడు తేలాయి. చవుడు నేలల మీద పరిశోధన జరిపే కేంద్రం గంగావతిలోనే ఉంది.

పాడివారు గమనించవలసినది మరొకటి. జొన్న పోయి వరి వచ్చినచోట చొప్ప పోయి వరిగడ్డి వచ్చింది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. గేదె కడుపు నిండుతుంది గాని పచ్చిమేత, దాణా తోడు లేకపోతే పాలు రావు. ఎకరా వరి మీద వచ్చిన లాభం లెక్క వేసేవారు ఈ ఖర్చును ఆ పక్కన రాయరు.

క్లార్క్స్ గ్రోవ్‌వారికి పాలను కొలిచే గొట్టం దొరికింది. ఎగువ రైతు ఎంత నీరు తీశాడో దిగువవానికి చూపించే అటువంటి సాధనం తుంగభద్ర తూముల దగ్గర లేకపోయింది. నీటి వాడకందారుల సహకార సంఘాలకు వీలుగా కర్ణాటక 2000లో నీటిపారుదల చట్టాన్ని సవరించింది. ఎడమ కాలువ కింద కూడా సంఘాలు ఏర్పడ్డాయి. ఎగువన మాత్రం వరినాట్లు ఆగలేదు.