ఏ ఊరి ఇంగ్లీషు ఆ ఊరిదే

అమ్మాయి పురిటికి అమెరికా వెళుతున్నారా? పచ్చళ్ళూ, పొడులతో బాటు నాలుగు మాటలు కూడా మూట కట్టుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు సైతం అక్కడ తికమకపడతారు. ఎందుకంటే, ఇంగ్లీషు అన్నిచోట్లా ఒక్కలాగే ఉండదు.

ఇదేం వింత కాదు. మన గుంటూరు గోంగూర తెలంగాణాలో పుంటికూర. పేరు మారినంత మాత్రాన పులుపు తగ్గిందా? ఇంగ్లీషూ అంతే. 1607లో ఇంగ్లీషువాళ్ళు అమెరికాలోని జేమ్స్‌టౌన్‌లో కాపురం పెట్టారు. నడుమ మహాసముద్రం. ఏ ఒడ్డు మాట ఆ ఒడ్డున పెరిగింది. 1828లో నోవా వెబ్‌స్టర్ అనే ఆయన అమెరికావాళ్ళకి వేరే నిఘంటువే రాసిపెట్టాడు. మన ప్రాంతానికి ఈ రెండో ఇంగ్లీషూ కొత్త కాదు. కచేరీల్లో ఇంగ్లండు ఇంగ్లీషు చెలామణీ అవుతున్న రోజుల్లోనే, 1842లో గుంటూరు వచ్చిన హేయర్ గారూ, 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారూ అమెరికా లూథరన్ మిషన్ తరఫున వచ్చినవారే.

ఇక వంటింట్లోకి వద్దాం. మనం వంకాయని బ్రింజాల్ అంటాం; అది పోర్చుగీసువాళ్ళ మాటనుంచి పుట్టింది. ఇంగ్లండులో ఓబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. పేరులో ఎగ్ ఉందని శాకాహారులు జడుసుకోనక్కర్లేదు! బెండకాయ ఓక్రా, కొత్తిమీర సిలాంట్రో. దూది ఇంగ్లండులో కాటన్ వుల్, అమెరికాలో ఉత్త కాటన్.

మిరప పండించే మనం మోసపోయేది కారం దగ్గరే. అమెరికా దుకాణాల్లో చిలీ పౌడర్ అని అమ్మేది చాలావరకు మన కారం కాదు. అందులో జీలకర్ర, వెల్లుల్లి వగైరాలు కలుపుతారు. దానితో ఆవకాయ పెట్టారో, జాడీ మొత్తం పాడు!

కూర పాడైతే మళ్ళీ వండుకోవచ్చు. మందు సంగతి అలా కాదు. మన పారాసిటమాల్‌నే అక్కడ అసిటమినోఫెన్ అంటారు. జ్వరానికి ఇక్కడినుంచి తెచ్చుకున్న బిళ్ళ ఒకటి, అక్కడి జలుబు మందు ఇంకొకటి వేసుకుంటే ఒకే మందు రెండింతలు పడవచ్చు. మోతాదు మించితే కాలేయానికే ముప్పు. పేరు తెలియకపోతే మందుల షాపులో అడిగి వేసుకోండి. తేదీ కూడా చూసుకోండి. 5-8 అంటే మనకి ఆగస్టు 5; వాళ్ళకి మే 8. డాక్టరుగారు రమ్మన్న రోజు తప్పిపోగలదు.

అడగటం నామోషీ కాదమ్మా. మన కజిన్ బ్రదర్ అన్నమాట వాళ్ళకీ అర్థం కాదు. వాళ్ళు అడిగితే మనం చెప్పమూ?