గ్రామ సేవా సంఘమును రిజిష్టరు చేయుట యెట్లు?

గ్రంథాలయము కావలెననియో, వ్యాయామశాల కావలెననియో, పేద విద్యార్థులకు పుస్తకములు సమకూర్పవలెననియో పదిమంది చేరి సంఘముగా నేర్పడుట మన పల్లెలకు క్రొత్త కాదు. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనపు భవనమునకు 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన గావించిరి. దానిని నెలకొల్పిన తరము గతించినది. గ్రంథాలయము మాత్రము నిలిచియున్నది. కాని సదుద్దేశముతో మొదలైన సంఘములనేకము స్థాపించినవారితోనే అంతరించుచున్నవి. సంఘమునకు చట్టరీత్యా ఉనికి లేకుండుట ఇందుకొక ముఖ్య కారణము.

ఒక గ్రామమును ఊహింతము. గ్రంథాలయమునకై అయిదు సెంట్ల స్థలము నిచ్చితినని ఒక రైతు సభలో ప్రకటించెను. ఊరివారు చందాలు వేసికొని గది కట్టిరి. మిగిలిన సొమ్ము కార్యదర్శి స్వంత ఖాతాలో నుండెను. కొన్నేండ్లకు దాత మరణించెను. స్థలము తమదని వారసులనిరి. దానమునకు కాగితము చూపుడనగా, చూపుటకు కాగితమే లేదు. ఇందు ఎవరి దుర్బుద్ధియు లేకపోవచ్చును. అయినను ఊరి కష్టము వ్యర్థమైనది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

పూర్వము కోస్తా, రాయలసీమ ప్రాంతములందు 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టమును, తెలంగాణమునందు 1350 ఫసలీ నాటి వేరొక చట్టమును అమలులో నుండెడివి. వీనికి బదులుగా ఉభయ ప్రాంతములకు వర్తించునట్లు 2001లో ఒకే చట్టము చేయబడినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కూడ ఆ చట్టమే రెండు రాష్ట్రములందును కొనసాగుచున్నది.

ఈ చట్టము ననుసరించి ధర్మకార్యము, విద్య, సాహిత్యము, కళలు, క్రీడలు, విజ్ఞాన వ్యాప్తి మొదలగు ప్రజోపయోగ కార్యములకై ఏడుగురికి తక్కువ గాకుండ చేరి సంఘమును రిజిష్టరు చేసికొనవచ్చును. రిజిష్టరైన సంఘము చట్టము దృష్టిలో ఒక వ్యక్తితో సమానము. అది తన పేరిట ఆస్తి కలిగియుండవచ్చును, వ్యాజ్యము వేయవచ్చును. అధ్యక్షుడు మారినను, సభ్యులు గతించినను సంఘము మారదు.

పాడి, విత్తనములు, అప్పులు మొదలగు వ్యవహారములు నడపి లాభమును సభ్యులు పంచుకొనదలచినచో ఈ చట్టము పనికిరాదు. అట్టివారు 1964 నాటి సహకార సంఘముల చట్టము క్రిందగాని, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రిందగాని చేరవలెను.

పత్రముల తయారీ

మొదట వ్రాయవలసినవి రెండు. మొదటిది మెమొరాండము. ఇందు సంఘము పేరు, కార్యాలయపు చిరునామా, ఉద్దేశములు, కార్యవర్గ సభ్యుల పేర్లు, వృత్తులు, చిరునామాలు ఉండవలెను. ఇదివరకే రిజిష్టరైన మరియొక సంఘపు పేరును గాని, ప్రభుత్వ సంస్థయని భ్రమ గొల్పు పేరును గాని పెట్టరాదు. ఉద్దేశములను స్పష్టముగా వ్రాయవలెను. 'గ్రామాభ్యుదయము' అని ఒక్క మాటలో ముగించుట కంటె, 'గ్రంథాలయమును, పఠన మందిరమును నిర్వహించుట' అని వ్రాయుట మేలు.

రెండవది బైలాసు అనబడు నిబంధనావళి. సభ్యత్వ మెవరికి, చందా ఎంత, కార్యవర్గమును ఎన్నేండ్ల కొకసారి ఎన్నుకొనవలెను, సమావేశమునకు ఎందరు హాజరు కావలెను, బ్యాంకు ఖాతాపై ఎవరెవరు సంతకము చేయవలెను అను విషయములిందు ఉండును. ఏ చెక్కుపైనను ఇద్దరి సంతకములు అవసరమని వ్రాసికొనుట సంఘమునకే గాక, సొమ్ము చూచువారి గౌరవమునకును రక్ష. సంఘము మూతపడినచో మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదనియు, అట్టి ఉద్దేశములే గల వేరొక సంఘమునకు చెందవలెననియు తప్పక చేర్పవలెను.

ఏడుగురును ఒకే కుటుంబమువారు కాకుండ చూచుట మంచిది. స్త్రీలకును, అన్ని వాడలవారికిని చోటున్నప్పుడే ఊరివారు దానిని తమ సంఘముగా భావింతురు.

ఈ రెండు పత్రములను, సభ్యుల గుర్తింపు పత్రములను, కార్యాలయమునకు సంబంధించిన ఆధారమును, నిర్ణీత రుసుమును జతపరచి జిల్లా రిజిస్ట్రారునకు దరఖాస్తు చేయవలెను. అంతయు సక్రమముగా నున్నచో ఆయన ధ్రువపత్రము నిచ్చును. ఆ పత్రముతో సంఘము పేరిట బ్యాంకు ఖాతా తెరువవలెను.

దానములు స్వీకరించుట

స్థలదానము నోటిమాటతో చెల్లదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము దాత సంతకముతో, ఇద్దరు సాక్షుల సంతకములతో దానపత్రము వ్రాయించి రిజిష్టరు చేయింపవలెను. దానము పుచ్చుకొనుటకు సంఘము ముందుగా చట్టరీత్యా ఏర్పడియుండవలెను గనుక, సంఘమును రిజిష్టరు చేసిన పిదపనే దానపత్రము వ్రాయించుకొనుట క్రమము.

సంఘము రిజిష్టరైనంత మాత్రమున పన్ను మినహాయింపు రాదు. అందుకై ఆదాయపు పన్ను శాఖవద్ద వేరుగా నమోదు కావలెను. దాతకు రాయితీ లభింపవలెనన్నచో రెండు వేల రూపాయలకు మించిన విరాళమును నగదుగా నీయరాదు.

విదేశములందున్న మన ఊరివారు పంపు సొమ్ము విషయమున మరింత జాగ్రత్త వలయును. భారత పౌరసత్వము గలవారు తమ స్వంత సంపాదన నుండి పంపినది విదేశీ విరాళము కాదు. అన్యదేశ పౌరసత్వము పుచ్చుకొన్నవారు, మన ఊరిలో పుట్టినవారే యైనను, పంపినది విదేశీ విరాళమగును. 2010 నాటి చట్టము ప్రకారము కేంద్ర హోం శాఖ అనుమతి లేనిదే దానిని స్వీకరింపరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సర్పంచియే సంఘాధ్యక్షుడైనను పంచాయతీ వేరు, సంఘము వేరు. పంచాయతీ నిధిని సంఘపు ఖాతాలో కలుపరాదు. పంచాయతీ స్థలమును మాటమాత్రముగా సంఘమునకు అప్పగింపరాదు. ఊరిలో సంఘము ఏర్పడునప్పుడు దాని ఉద్దేశములను గ్రామసభలో చదివి వినిపించుట, దాతలచేత దానపత్రములు వ్రాయించుట, చదువు రానివారికి పత్రములలోని విషయము విప్పి చెప్పుట సభ్యులు చేయదగిన సాయము.

ధ్రువపత్రమును పటము గట్టి గోడకు తగిలించుటతో పని ముగియదు. ఏటేటా సర్వసభ్య సమావేశము జరుపవలెను; లెక్కలు తనిఖీ చేయించి సభ్యులముందుంచవలెను; కార్యవర్గ సభ్యుల జాబితాను గడువులోగా రిజిస్ట్రారునకు పంపవలెను. జాబితా పంపని సంఘములో వివాదము పుట్టినప్పుడు అసలు కార్యవర్గమేదో తేల్చుటయే కష్టమగును. నిర్వహణ వివాదములు 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టము క్రింద గాని, జిల్లా న్యాయస్థానములో గాని పరిష్కరించుకొనుటకు 2001 నాటి చట్టము వీలు కల్పించినది. అంతదూరము పోనవసరము లేకుండ చేయునది సరియైన మినిట్సు పుస్తకము, సరియైన లెక్కల పుస్తకము.

మీ గ్రామమున నేడు ఎవరి పేరనో ఉన్న ఉమ్మడి స్థలము గాని, ఎవరి ఖాతాలోనో ఉన్న ఉమ్మడి సొమ్ము గాని కలదేమో విచారింపుడు. ఉన్నచో, ఇచ్చినవారు జీవించియుండగనే, వారి యెదుటనే, దానిని చట్టబద్ధము చేయుడు.