కిన్నెర మెట్లును జాజ్ మనోధర్మమును

అమ్రాబాదు పీఠభూమి నల్లమల యడవులలోనిది. 2016 వఱకు మహబూబునగరము జిల్లాలోను, పిమ్మట నాగరుకర్నూలు జిల్లాలోను చేరిన యీ సీమయందు కిన్నెర యను తంత్రీవాద్యము కొలదిమంది చేతులలో నిలిచియున్నది. వెదురుబొంగు దీనికి దండి. ఎండిన సొరకాయబుర్రలు నాదమును పెంపొందించును. మెట్లను తేనెమైనముతో దండి కంటింతురు. అలుగు పెంకులతో మెట్లను జేయుట పూర్వాచారము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము పిమ్మట అలుగును వేటాడుట నేరము.

శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున రచించిన సంగీతరత్నాకరమందు కిన్నరీవీణాభేదములు వర్ణితములు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్యకథ ప్రసిద్ధము. పేరొకటి యగుటచే గ్రంథములలోని వాద్యమును నల్లమల వాద్యమును ఒక్కటియే యని తీర్పు చెప్పుట సాహసము. అయినను మైనముతో మెట్లు నిలుపు పద్ధతి ప్రాచీనమైన దనుటకు సందేహింప బనిలేదు.

ఈ సీమలో లింగాల మండలమునందలి అవుసలికుంట గ్రామవాసి దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించుటలో పేరొందినవాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. పండుగ సాయన్న మొదలగు వీరుల కథలను పాడుచు, గొంతునకు బదులు పలుకునట్లు కిన్నెరను మీటుట ఆయన పద్ధతి. ఇట్టి కథాగానమున స్వరలిపి లేదు. శ్రోతల యుత్సాహమును బట్టి చరణము పెరుగును, తరుగును. నడుమ వాద్యము పలుకు పలుకును అట్లే. దీనిని మనోధర్మ మనుటకు కచేరీ విద్వాంసులు సంకోచింతురేమో గాని, వేఱొక పేరు దీనికి తగదు.

పాశ్చాత్యదేశములలో మనోధర్మమునకే ప్రాణమిచ్చిన సంగీతము జాజ్. అమెరికాలోని నల్లజాతివారు పుట్టించిన యీ సంగీతమున చిరకాలము ముందుగా నిర్ణయింపబడిన స్వరసంఘాతముల వరుసపై వాదకుడు కల్పన చేయుచుండెను. ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబరులో రెండు చతుష్టయ మేళముల నొకేసారి వాయింపజేసి యా వరుసను త్రోసిపుచ్చెను. మఱుసటి యేట వెలువడిన ‘ఫ్రీ జాజ్’ అను నా రికార్డు సుమారు 37 నిమిషములది. అది బొత్తిగా నియమములేనిదియు గాదు: ఒక్కొక్కరి వంతునకు ముందు మేళమంతయు గలసి వాయించు చిన్న ఖండములు కలవు. స్వరసంఘాతముల కట్టడి తొలగుటతో, అట్టి కట్టడి యెన్నడు నెఱుగని ప్రాచ్యవాద్యములకు జాజ్ వాకిలి తెఱచినట్లయ్యెను.

అయినను వాకిలి తెఱచినంతమాత్రమున సహవాసము కుదరదు. వాద్యమే మాఱవలసి యుండును. జాన్ మెక్లాలిన్ 1970ల నాటి ‘శక్తి’ మేళమునకై గిటారు మెట్ల నడుమ పలకను లోతుగా దొలిపించుకొనెను. తంత్రిని లాగి గమకము పలికించుటకే ఆ శ్రమ. తెలుగునాట నిట్టి పనినే పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేసెను. మాండలిన్‌కు సాధారణముగా నాలుగు జంటల తంత్రు లుండును. జంటతంత్రులపై గమకము శుద్ధముగా నిలువదు. అందుచే ఆయన విద్యుత్ మాండలిన్‌పై అయిదు ఒంటి తంత్రులను గైకొనెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున ఈ బాలుడు వాయించిన కర్ణాటక సంగీతము శ్రోతల నబ్బురపఱచెను. పిమ్మట మెక్లాలిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ మేళమునను వాయించెను. 2014లో కీర్తిశేషు డయ్యెను.

కిన్నెర కిట్టి సహచరుడు దొరకలేదు. 2021లో వెలువడిన ‘భీమ్లా నాయక్’ చిత్రగీతమున మొగులయ్య కంఠముతో ఆరంభమై, తమన్ కూర్చిన పెద్దమేళము పిదప గీతము నాక్రమించును. దానివలన కిన్నెరపేరు లోకమున మాఱుమ్రోగె ననుట నిజము. గాని అచట సంభాషణ లేదు. పల్లెకంఠము ద్వారమున నిలిచి స్వాగతము పలికి తొలగినట్లున్నది.

చిక్కు శ్రుతిలో నున్నది. స్థాయిని 1200 సెంట్లుగా భాగించినచో పియానో వంటి వాద్యమున ఒక్కొక్క మెట్టునకు సరిగా 100 వచ్చును, అంతరగాంధారము 400. తంబురాతంత్రిలో సహజముగా వినవచ్చు గాంధారము 386 మాత్రమే. ఆ పదునాలుగు సెంట్ల యంతరము మంచి చెవికి గుచ్చుకొనును. కిన్నెరమెట్టును వాదకుడు తన చెవికి, తన గొంతునకు సరిపడునట్లు మైనమున నిలుపుకొనును. మైనము మెత్తనిది కావున, మేళమువారు కోరిన యెడ మెట్టును జరుపుట సులభమే. ఆ సౌలభ్యమే యపాయము. పియానోకై జరిపిన మెట్టుతో నల్లమల శ్రుతి పోయి ధ్వనివిశేషము మాత్రము మిగులును. కొత్తగా నేర్చువాడు జరిపిన మెట్లనే అసలువిగా నెంచును. నేర్పువారు కొలదిమందియే యగుటచే దిద్దువారును కరవగుదురు.

శాక్సఫోను వాదకుడు పెదవి బిగువును మార్చి స్వరమును కొంత దింపగలడు, ఎత్తగలడు. వయొలిన్‌కు మెట్లే లేవు. జాజ్‌వారు కిన్నెరతో గూడి ప్రయోగము చేయదలచినచో పియానోను ప్రక్కకు బెట్టి, ఈ రెండింటిని కిన్నెరకు శ్రుతి చేసికొని, కథకుని చరణము ముగియువఱకు వేచియుండి వాయింపవలెను.